నీళ్లకు దారి మనం చూపాలా?

సలహా ఇచ్చేవాడికి అర్హత ఉండాలి కాబట్టి ముందు నాది చెప్పుకుంటాను. జుక్కల్‌లో మా ఇంటికి స్లాబు పోసి పదహారేళ్లయింది. ఇన్ని వానాకాలాల్లో ఒక్కసారంటే ఒక్కసారి కూడా నేను వానకు ముందు డాబా ఎక్కి పైపు మూతి చూసిన పాపాన పోలేదు. ఆ నిష్ఠకు ఫలితం హాలు సీలింగు మీద కనిపిస్తుంది. మొదట టీవీ పైన అరచేతంత మరక వచ్చింది. నాలుగైదేళ్లకు అది అచ్చం పాత నిజామాబాద్ జిల్లా పటమైంది. 2016 అక్టోబరులో సర్కారు కామారెడ్డిని వేరే జిల్లా చేస్తే, మా మరక కూడా ఫ్యాను కొక్కెం దగ్గర చీలి రెండయింది. అప్పుడే పెద్ద కొడప్‌గల్ మండలం వచ్చింది, ఆ తర్వాత డోంగ్లి వచ్చింది. ఇంటికొచ్చిన చుట్టాలు మెడలెత్తి "మా మద్నూర్ ఏడుందే?" అని అడుగుతారు. చీపురు కట్టతో చూపిస్తాను.

ఇంటిమీది నీళ్ల దారికి మా దగ్గర ఒక్క పేరు లేదు. వీధిలో పారేది మోరి. దానికి పేరుంది, ఊడ్చే మనిషి ఉన్నాడు, ఊడ్వకపోతే తిట్టించుకోవడానికి సర్పంచి ఉన్నాడు. ఇంటిమీదికి వచ్చేసరికి పెంకుటిల్లయితే దోనె, మట్టి మిద్దెయితే తూము, రేకుల షెడ్డయితే రేకు కాలువ, స్లాబయితే ఉత్త పైపు. ఒక్క పేరుకు కూడా నోచుకోని దానికోసం ఎండలో నిచ్చెన ఎక్కడం న్యాయమేనా, ఆలోచించండి. ఆలోచిస్తూ కూర్చుంటే మృగశిర దాటిపోతుంది. నా పద్ధతి అదే.

మొదటి సలహా: రోహిణి కార్తెలో ఇంటిమీదికి ఎక్కకండి. ఈ దురలవాటు మా బాపుది. మా పాతిల్లు మట్టి మిద్దె. మే నెలాఖరుకు రోహిణి వచ్చిందంటే చాలు, ఆయన గంపకు చౌడు మన్ను నింపుకుని పైకెక్కేవాడు. ఏడాది పొడుగునా మొలిచి ఎండిన గడ్డి పీకేవాడు, లూజైన పాత మన్ను గీకేవాడు, కొత్త చౌడు పరిచి తడిపి కట్టెతో కొట్టి గట్టిచేసేవాడు. చౌడు తడిస్తే బిగుసుకుంటుంది, నీటిని లోపలికి దిగనివ్వదు. ఆ సంగతి ఆయనకు ఏ ఇంజినీరూ చెప్పలేదు. అంతా అయ్యాక తూములో చెయ్యిపెట్టి కెలికి, మిద్దెకు ఆ కొసన చెంబెడు నీళ్లు పోసి గొంతుకూర్చుని చూసేవాడు. నీళ్లు మన్ను మీద నల్లటి తోవ గీసుకుంటూ, ఒకచోట ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ కదిలి, తూముదాకా వచ్చి వాకిట్లోకి దుమికితే దిగేవాడు. నడుమ ఎక్కడన్నా గుంటకట్టి ఆగిపోతే అక్కడ గుప్పెడు మన్ను వేసి మళ్లీ చెంబు. ఒక్కో ఏడాది నాలుగు చెంబులయ్యేవి. బావికి పోయి తోడితే తప్ప నీళ్లు దొరకని ఎండాకాలంలో, నాలుగు చెంబులు మిద్దెకు తాగించేవాడు. అమ్మ కింద నుంచి తిట్టేది. నేను అమ్మ పక్షం.

ఇప్పుడు మనది సిమెంటు. సిమెంటుకు రోహిణి ఏంది, ఆరుద్ర ఏంది? అందుకే ఆకును రాలనివ్వండి. మా వాకిట్లో వేప ఉంది, పక్కింటి కాకది కానుగ, వెనక సందులో టేకు. చలి తగ్గే రోజులకు టేకు మొదలుపెడుతుంది. మాఘం ఫాల్గుణం వేప అందుకుంటుంది, ఉగాది అటూఇటూగా కానుగ. మూడూ కలిసి డాబా మీద మెత్తటి పరుపు పరుస్తాయి. ఆపైన ఏప్రిల్, మే గాలిదుమారాలు ఆ పరుపు మీద నల్లరేగడి దుమ్ము చల్లుతాయి. ఈ దశలో ఎవరైనా చీపురు పట్టుకుని ఎక్కితే అర్ధగంటలో రెండు గంపల పొడి ఆకుతో పని ఖతం. అందులో గొప్పేముంది? ఆగండి. తొలి వాన తాగనివ్వండి. పొడి ఆకు నాని పలచబడుతుంది, రేగడి దుమ్ము జిగురెక్కుతుంది, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని జారుకుంటూ పైపు మూతిదాకా పోయి అక్కడ సర్దుకుంటాయి. రెండో వానకు ఆ ముద్ద పైన మరో పొర. నాలుగో వానకు వేలు పెట్టి చూడండి: పైపొర చల్లగా, జారుడుగా, నానబెట్టిన మినప్పొట్టులా ఉంటుంది. దాని కింద ఆకు ఈనెలు జాలీలాగా అల్లుకుని ఉంటాయి. అడుగున నల్లటి మన్ను, కుమ్మరి సారె మీద పెట్టొచ్చు. చౌడు మన్ను కోసం మా బాపు గంపలు మోసినంత కష్టం లేకుండానే నీటిని ఆపే మన్ను తయారవుతోంది, అదీ నీళ్లు పోవాల్సిన చోటనే.

ఒకవేళ మీకు తెలియకుండా ఇంట్లో ఎవరైనా మే నెలలో ఊడ్చేశారనుకోండి, దిగులు వద్దు. వేప మిమ్మల్ని వదలదు. ఆకుల పని అయ్యాక పళ్ల పని. వానలు పడే రోజులకు పళ్లు పండి రాలతాయి, పిట్టలు గుజ్జు చప్పరించి గింజలు పడేస్తాయి. ఆ గింజలు దొర్లుకుంటూ సరిగ్గా పైపులోకే పోతాయి. అందుకే ఒక్కసారి ఊడ్చి ఊరుకున్నవాడి ఇల్లు కూడా ఆషాఢంలో కారుతుంది. రోహిణిలో ఒకసారి, వేపపళ్లయ్యాక ఇంకోసారి ఎక్కే చాదస్తులు కొందరున్నారు. వాళ్ల సీలింగులు చూశాను, తెల్లగా, పటం లేకుండా, బోసిగా ఉంటాయి.

రెండో సలహా ఇల్లు కట్టేటప్పటిది. ఇది ఖరీదైన సలహా, శ్రద్ధగా వినండి. మా స్లాబు వెయ్యి ఫీట్లు. పోసేముందు మేస్త్రి నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, రెండు మూలలకు రెండు పైపులు పెడ్దాం. నాలుగించులవి. ఒకటి బందైతే ఇంకోటి గుంజుతది."

"రెండెందుకయ్యా, వాన ఒక్కటే కదా?"

"గట్లనే పిట్టగోడకు నాలుగు వేళ్ల ఎత్తుల ఒక బొక్క ఇడుస్త. రెండు పైపులు నిండినా నీళ్లు అండ్లకెళ్లి బయటపడ్తయి."

"కొత్త గోడకు బొక్కా? చూసినోళ్లు ఏమంటరు?"

మేస్త్రి తలగోక్కున్నాడు. పది ఫీట్లకు ఒక ఇంచు వాటం పెట్టాలన్నాడు, లేకుంటే నీళ్లు కదలవన్నాడు. వాటం కోసం మూలన సిమెంటు ఎక్కువ పడుతుందని లెక్క చెప్పగానే, చదునుగా ఉంటే మంచం వేసుకుని పండుకోవచ్చు, సమానంగా పోయమన్నాను. చివరికి ఒక్క పైపు, మూడించులది. గోడలో నుంచి బయటికి, ఒక వంపు, అక్కణ్నుంచి కిందికి. ఎంత మిగిలిందో ఇప్పుడు గుర్తులేదు గానీ ఆ డబ్బుతో గేటుకు రెండు సింహం మొహాలు కొన్నాను. అవి ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

మూడించుల పైపుకు ఇంకో సుగుణం ఉంది, అది మేస్త్రికి కూడా తెలియదు. దాని లోపలి కొలత ఏడు సెంటీమీటర్లు, ఏదో అటూఇటూ. పిల్లలు ఆడుకునే టెన్నిస్ బంతి అడ్డుకొలత ఆరున్నర దాటి ఉంటుంది. అంటే బంతి లోపలికి పోతుంది, సులువుగా బయటికి రాదు. ఈ రెండు కొలతలు నిర్ణయించిన కంపెనీలు ఒకదాన్నొకటి ఎరగవు, అయినా ఇంత చక్కగా కుదిరింది. ఆరేళ్ల కింద వేసవి సెలవుల్లో కాక మనవడు ఏడుపు మొహంతో మా గేటు దగ్గర నిలబడ్డాడు. కాస్కో బాలు మా డాబా మీదికి వచ్చిందట, ఎక్కి చూస్తానన్నాడు. పిల్లలు పైకెక్కితే పడతారు. "మా మీద ఏ బాలూ లేదు, పో" అన్నాను. ఎక్కి చూడకుండానే అన్నాను, ఎక్కి చూడకపోవడమే కదా నా శాస్త్రం.

వాటం లేని స్లాబు గురించి ఒక లెక్క చెప్పి ముందుకు పోతాను. వెయ్యి చదరపు ఫీట్లంటే 93 చదరపు మీటర్లు. ఒక్క సెంటీమీటరు వాన పడితే దానిమీద 930 లీటర్లు. పైపు బందయి పిట్టగోడల నడుమ అర అడుగు నిలిచిందనుకోండి, 14 వేల లీటర్లు, అంటే 14 టన్నులు. మీ ఇంటి నెత్తిన నిండు ఇసుక లారీ ఎక్కించి పార్కు చేసినట్టు. లారీని డాబా మీద చూస్తే ఊరంతా పరిగెత్తుకొస్తుంది. నీళ్లు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఈ సౌకర్యాన్ని వాడుకోండి. మేస్త్రి చెప్పిన ఆ బొక్క ఉంటే లారీ లోడు సగం కూడా నిండదు, నాలుగు వేళ్ల ఎత్తుకే నీళ్లు జారిపోతాయి, ఊరికే.

మూడో సలహా రాసిన కాగితం బీరువా మీద పెట్టాను. బీరువా ఉన్నది సరిగ్గా బిచ్కుంద కింద. అక్షరాలన్నీ కలిసిపోయి ఇప్పుడది నీలంగా ఉంది.

జాలీ సంగతి. పైపు మూతికి జాలీ పెట్టమని హార్డ్‌వేరు దుకాణంవాళ్లు బతిమాలతారు. పెట్టండి, కానీ చదునుది పెట్టండి. గోపురంలా పైకి లేచి ఉండే జాలీలు అమ్ముతారు, వాటి జోలికి పోవద్దు. గోపురానికి కింద ఆకు పట్టుకున్నా పైభాగం తెరిచే ఉంటుంది, నీళ్లు చుట్టూ తిరిగి ఏదో ఒక సందున దిగిపోతాయి. చదును జాలీ అలా కాదు. ఒక్క టేకాకు, ఒక్కటి చాలు, విస్తరి వేసినట్టు వచ్చి పడుకుంటుంది. దానిమీద నీళ్ల బరువు పడేకొద్దీ ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. మూడించుల బెజ్జాన్ని మూయడానికి అడుగున్నర ఆకు! మా వెనక సందులో టేకు పెట్టిన మహానుభావుడికి నేను రుణపడి ఉన్నాను. జాలీ పెట్టాక ఇక ఆ వైపు చూడనవసరం లేదని అందరికీ చెప్పండి. జాలీ ఉన్నది చెత్తను ఆపడానికి, చెత్త ఆగింది, ఆగిన చెత్తను తీయమని ఎక్కడా రాసిలేదు.

ఇంకా కొందరు తెలివైనవాళ్లు జాలీకి బదులు గోనెపట్టా ముక్క కుక్కుతారు. చవక. వడపోత ఎంత బాగుంటుందంటే నీళ్లు కూడా వడపోతకు గురై పైనే ఉండిపోతాయి.

రేకుల షెడ్డు ఉన్నవాళ్లకు చెప్పేది తక్కువ. రేకు కాలువకు ఒక కొస కొంచెం వాలి ఉండాలంటారు, క్లిప్పులు దగ్గర దగ్గరగా కొట్టాలంటారు. అక్కర్లేదు. తడి ఆకు నిండితే కాలువ తానే నడుమ కుంగుతుంది, కుంగితే అక్కడ వాలు వచ్చినట్టే కదా. కాలువ ఊడి పడేరోజు కింద బండి పెట్టకుండా చూసుకోండి, అంతే.

రావి మొక్కకు మాత్రం కాస్త ఎక్కువ చోటివ్వాలి. పిట్టలు రావి పళ్లు, మర్రి పళ్లు తిని పిట్టగోడ మీద వాలి గింజలు వేసి పోతాయి. ఎప్పుడూ చెమ్మగా ఉండే పగులు వాటికి మెత్తటి మడి. చెమ్మ ఎక్కడుంటుంది? పైపు మూతి దగ్గర. అందుకే రావి మొక్క ఎక్కడ మొలిచిందో చూసి నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చెప్పొచ్చు, ప్లంబరుకు ఇచ్చే డబ్బు మిగులుతుంది. మొక్క రెండాకుల మీద ఉన్నప్పుడు రెండు వేళ్లతో పట్టి లాగితే వేరుతో సహా వస్తుంది. లాగకండి. పాపం. ఏడాది ఆగితే వేలంత కాండం అవుతుంది, అప్పుడు "అయ్యో, దేవుడి చెట్టు" అనొచ్చు. మరో ఏడాదికి అయ్యవారిని అడగాలి, ఆయన మంచిరోజు చూడాలి, ఆ రోజుకు కొట్టేవాడు దొరకాలి, దొరికినవాడు "నాకెందుకు సారూ ఈ పాపం" అనాలి. ఈలోగా వేరు పగుల్లోకి పోయి, పగులు వెంట స్లాబు కిందికి పోయి, గోడలో ఎటు తేమ ఉంటే అటు చేతులు చాపుతుంది. పైన కొమ్మ నరికినా వేరు లోపలే ఉంటుంది కాబట్టి మళ్లీ చిగురు వేస్తుంది. మా మండలంలోనే కౌలాస్ కోట ఉంది. ఎంతమంది రాజుల చేతులు మారిందో. కోట గోడలకు శత్రువంటే ఫిరంగి అనుకుంటాం. ఫిరంగి ఒక్కరోజు కొట్టి పోతుంది, పిట్ట రోజూ వస్తుంది. కోటకు తప్పనిది వెయ్యి ఫీట్ల ఇంటికి తప్పుతుందా, పెరగనివ్వండి. కార్తీకంలో దీపం పెట్టుకోవడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు.

ఇంతా చెప్పాక కూడా "పూడిక తీయాలి కదా" అని వాదించేవాళ్లకు నా దగ్గర ఒక్కటే మాట ఉంది: నిజాంసాగర్. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. ముఖ్య ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. నిజాం ఖజానా, వేలమంది కూలీలు. కట్టిననాడు 29 టీఎంసీల పైచిలుకు పట్టేది. పూడిక మింగాక ఇప్పుడు లెక్క 17.8. అంత నవాబు కట్టించిన సాగరానికే పూడిక తప్పలేదు, నా మూడించుల పైపు ఏ పాటిది? ఈ వాదన వేసి ఎదుటివాడి మొహం చూడండి. నిజాంసాగర్‌లోకి కొట్టుకొచ్చేది కొన్ని వందల ఊళ్ల మన్ను, నా పైపులోకి వచ్చేది ఒక్క వేపచెట్టు ఆకు అని అతనికి తట్టేలోపు మాట మార్చేయాలి.

పైపు కింది కొస ఎటు పెట్టాలి? పక్కింటివైపు. ఇందులో రెండో ఆలోచన లేదు. మా పైపు కాక గోడకు రెండడుగుల దూరంలో దిగుతుంది. పైపు సగం బందయ్యాక ఇంకో మేలు కూడా జరిగింది, నీళ్లు పిట్టగోడ పగులు నుంచి ఎగిరి నేరుగా కాక కిటికీకి తగిలేవి. మూడేళ్ల కింద ఆయన లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు.

"ఏం బిడ్డా, మీ ఇంటి గంగమ్మ మా అర్రలకొచ్చింది."

"గంగమ్మ వస్తే మంచిదే కదా కాకా."

"మంచిదే. రేపు మా బర్రెను తెచ్చి మీ హాల్ల కట్టేస్త. లచ్చిందేవి అనుకో."

కాక అన్నంత పనీ చేసే మనిషి. దాంతో ఇంకుడుగుంత దాకా ఆలోచించాల్సి వచ్చింది. గుంత తవ్వి అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, ఆపైన ఇసుక వేసి పైపు అందులోకి దింపితే నీళ్లు నేలకు ఇంకుతాయి, బోరుకు మంచిదంటారు. తవ్వించాను కూడా. తవ్విన వారానికి మా ఇంటి చెత్తంతా అందులో పడింది, గుంత కనిపిస్తే చెత్త వేయడం మనిషి లక్షణం. ఆకును పైనే ఆపకుండా గుంతలోకి వదిలితే ఇసుక పొర ఒక్క వానాకాలంలో జిగురుకట్టి, నీళ్లు ఇంకడం మానేసి గుంత నిండి పొర్లుతుంది. పొర్లిన నీళ్లు ఎటు పోయాయో చెప్పక్కర్లేదనుకుంటాను. కాక బర్రెకు కొత్త పలుపు కొన్నాడు.

నిలిచిన నీళ్లలో దోమలు గుడ్లు పెడతాయని శుక్రవారం డ్రై డే అంటూ ఆశ కార్యకర్తలు ఇల్లిల్లూ తిరుగుతారు. వాళ్లకు కూలరు చూపించండి, కుండీలు చూపించండి, పాత టైరు చూపించండి. డాబా మీదికి మాత్రం తీసుకుపోవద్దు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, అందుకే వారానికొకసారి ఎండబెట్టమనేది. రేకు కాలువలో కుంగినచోట నిలిచే చెంబెడు నీళ్లు డెంగీ దోమకు చెరువుతో సమానం. గుడ్లు ఎండినా నెలల తరబడి చావవు, మళ్లీ తడి తగిలితే లేస్తాయి. ఇంత ఓపికగల ప్రాణిని ఒక్క శుక్రవారం ఏం చేస్తుంది చెప్పండి.

ఎప్పుడెక్కాలో కూడా చెప్పాలి. జోరువానలో, చీకట్లో, రబ్బరు చెప్పులతో. ఎండలో ఎక్కితే నిచ్చెన కాళ్లు పొడినేల మీద నిలబడతాయి, కింద పట్టుకోవడానికి మనిషి దొరుకుతాడు, మజా ఏముంది? 2021లో నేను సజ్జ మీది పాచి మీద కాలుపెట్టి, కాలు ఒక దారిన నేనొక దారిన పోయి, నలభై రోజులు కట్టుతో కూర్చున్నాను. ఆ నలభై రోజులూ సీలింగు పటాన్ని తీరిగ్గా చదివాను. పైపులోకి పొడుగాటి ఇనుప చువ్వ దోపమని మాత్రం నేను చెప్పను. సర్వీసు వైరు పిట్టగోడ పక్క నుంచే పోతుంది. అంత చెడ్డ సలహా ఇవ్వడానికి నాకు కూడా నోరు రాదు. వెదురు బొంగు ఉంది, దానికి గుడ్డ చుట్టుకోండి.

ఇక నా శాస్త్రానికి పరీక్ష పెట్టిన రోజు. 2025 ఆగస్టు 27, వినాయక చవితి. ఆ ఒక్కరోజు వానలో మన జిల్లాలోనే రాజంపేట మండలం ఆర్గొండలో 40 సెంటీమీటర్లు దాటింది. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. 40 సెంటీమీటర్లంటే మా డాబాకు 37 వేల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు దాటి. అంతంత రానక్కర్లేదు, మా డాబాకు దాని వాటా చాలు.

పొద్దున మా ఇంటామె హాల్లో పీట వేసి మట్టి గణపతిని కూర్చోబెట్టింది. పీట పెట్టిన చోటు పిట్లం కింద. నేను చెప్పలేదు, చెబితే "పైకెక్కి చూసి రా" అంటుంది. మధ్యాహ్నానికి పిట్లం తడిసింది. సాయంత్రం దీపారాధన వేళకు మొదటి చుక్క గణపతి కిరీటం మీద పడింది. చుక్క చిన్నదే. కిరీటం కొస మెత్తబడి పక్కకు వాలింది. రెండో చుక్క తొండం వెంట జారింది, జారినచోట రంగు పోయి ఎర్రమన్ను గీత తేలింది. నేను గొడుగు పట్టాను. గంజు, సర్వ, రెండు బకెట్లు, పెళ్లినాటి తాంబాళం, అన్నీ ఎక్కడెక్కడ పెట్టాలో నాకు నోటికొచ్చు: మద్నూర్ కింద గంజు, బిచ్కుంద కింద బకెట్. ఒక్కొక్క గిన్నెది ఒక్కో మోత.

"నిమజ్జనం తొమ్మిదో దినం గదా," అంది ఆమె, గొడుగు కింద కరుగుతున్న చెవిని చూస్తూ. "నువ్వు మొదటిదినమే షురు జేసినవ్."

"వాన తగ్గినంక చూస్త."

"నువ్వు గొడుగు వట్టు. అదొక్కటి చాతనైతది నీకు."

మెట్లెక్కి పోయింది. నేను గొడుగును గణపతి మీద నిలిపి, వెనకే పైమెట్టుదాకా పోయి చూశాను. డాబా మీద చీలమండలు మునిగేదాకా నీళ్లు, టార్చి వెలుగులో టేకాకులు పడవల్లా తిరుగుతున్నాయి. ఆమె చీర దోపుకుని, మూలకు పోయి, వంగి, మోచేతిదాకా చెయ్యి ముంచింది. మొదట నల్లటి ముద్దలు వచ్చాయి, విసిరితే పిట్టగోడకు తగిలి అక్కడే అంటుకున్నాయి. తర్వాత చదును జాలీ. తర్వాత పతంగి దారం, గజాల కొద్దీ. తర్వాత చెంప కింది నీళ్లకు ఆనేదాకా భుజం వంచి, గోడలోపలికి వేళ్లు చాపి, దేన్నో పట్టుకుని పళ్లు బిగబట్టి గుంజింది. పైపు పెద్ద గొంతుతో గుటక వేసింది. నీళ్లన్నీ ఒక్కసారి అటు తిరిగి సుడికట్టి దిగడం మొదలైంది. కింద కాక ఇంట్లో నుంచి బర్రె అరిచింది.

ఆమె తడి చేతిలో ఏదో గుండ్రంగా ఉన్నది తెచ్చి గణపతి ముందు, ఉండ్రాళ్ల పళ్లెం పక్కన పెట్టింది. పైన నూగు లేదు, రంగు లేదు, ఒకవైపు వేపగింజ దిగబడి ఉంది.

కాక మనవడు ఇప్పుడు నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాడు. మీసాలొచ్చాయి. దసరాకు వస్తే ఇద్దామని బంతిని కడిగి ఫ్రిజ్ మీద పెట్టాను. నేలకేసి కొడితే ఇంకా మోకాలి ఎత్తుకు లేస్తోంది.